అక్షరం వెనక సంఖ్య

పైథాన్ నేర్చుకునేవారికి తొలి పాఠాల్లోనే తగిలే చిన్న ఫంక్షన్ ఆర్డ్. బ్రాకెట్లలో, కొటేషన్ గుర్తుల మధ్య ఒక్క అక్షరం పెట్టి ఇస్తే చాలు, దాని సంఖ్య చెబుతుంది. ఇంగ్లీషు పెద్ద ఏ ఇస్తే 65, చిన్న ఏ ఇస్తే 97, తెలుగు అ ఇస్తే 3077, రూపాయి గుర్తు ₹ ఇస్తే 8377. మాటకూ మాటకూ మధ్య వదిలే ఖాళీకి కూడా సంఖ్య ఉంది, 32. దీనికి ఎదురు పని చేసే ఫంక్షన్ సీహెచ్‌ఆర్. 3077 ఇస్తే అది అ చూపిస్తుంది. ఈ రెండూ తెలిస్తే పాఠం అయిపోయినట్టే అనిపిస్తుంది, చాలా పుస్తకాలు అక్కడితోనే ఆపేస్తాయి. కానీ ఆ సంఖ్యలు ఎక్కడినుంచి వచ్చాయో, తెలుగు దగ్గరికి వచ్చేసరికి అదే పాఠం ఎందుకు తడబడుతుందో తెలియకపోతే నేర్చుకున్నది సగమే.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ఆర్డ్ ఏదో లెక్క కట్టి అక్షరాన్ని సంఖ్యగా మారుస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. మార్చడమంటూ ఏమీ జరగదు. కంప్యూటర్ మెమరీలో అక్షరాలు ఉండవు, ఉండేవి సంఖ్యలే. కీబోర్డు మీద మీట నొక్కినప్పుడు లోపలికి చేరేది సంఖ్యే, ఫైలులో భద్రమయ్యేదీ సంఖ్యే. తెరమీద కనిపించేటప్పుడు మాత్రం ఫాంటు ఆ సంఖ్యకు తగిన బొమ్మ గీస్తుంది. అంటే కష్టపడి తయారుచేసి చూపించేది అక్షరాన్ని. సంఖ్య మొదటినుంచీ అక్కడే ఉంది. ఆర్డ్ చేసేదల్లా బొమ్మ గీయకుండా ఉన్నదున్నట్టు చెప్పడం.

ఈ సంగతి సి భాషలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అందులో క్యార్ అనే రకం నిజానికి ఒక చిన్న పూర్ణాంకం. అదే విలువను ప్రింటెఫ్‌లో శాతం గుర్తు పక్కన సి రాసి అచ్చువేస్తే అక్షరం వస్తుంది, డి రాసి అచ్చువేస్తే సంఖ్య వస్తుంది. ప్రత్యేకంగా ఫంక్షనేదీ అక్కర్లేదు. జావాలో అక్షరం ముందు బ్రాకెట్లలో ఇంట్ అని రాస్తే సరిపోతుంది. పాత బేసిక్‌లో ఈ పనికి ఏఎస్‌సీ ఉండేది. ఆర్డ్, సీహెచ్‌ఆర్ అన్న పేర్లు పైథాన్ పుట్టడానికి చాలాముందే, 1970లో నిక్లాస్ విర్త్ రూపొందించిన పాస్కల్ భాషలో ఉన్నాయి. ఎక్సెల్‌లో కోడ్, యూనికోడ్ అని రెండు ఫంక్షన్లున్నాయి. విండోస్ ఎక్సెల్‌లో తెలుగు అక్షరాన్ని కోడ్‌కు ఇస్తే 63 అంటుంది. అది ప్రశ్నార్థకం సంఖ్య. నాకు తెలియదు అని చెప్పడం దాని పద్ధతిలో అలా ఉంటుంది. యూనికోడ్ అనే ఫంక్షన్‌కు ఇస్తేనే సరైన జవాబు.

ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది ప్రకృతి నియమమేమీ కాదు, మనుషులు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం. ఒప్పందం లేని రోజుల్లో ఒక కంపెనీ యంత్రం పంపిన సందేశం ఇంకో కంపెనీ యంత్రానికి అర్థమయ్యేది కాదు. ఆ ఇబ్బంది తీర్చడానికి 1963లో అమెరికా ప్రమాణాల సంఘం ఆస్కీ అనే పట్టికను ప్రకటించింది. చిన్న అక్షరాలు అందులో ఖాయంగా చోటు చేసుకున్నది 1967 సవరణలో. 1968 మార్చిలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఫెడరల్ ప్రభుత్వం కొనే కంప్యూటర్లన్నీ ఆస్కీని అర్థం చేసుకునేలా ఉండాలని ఆదేశించారు. దాంతో ఆ పట్టికకు తిరుగులేకుండా పోయింది. అది ఏడు బిట్ల పట్టిక. ఏడు బిట్లతో 128 సంఖ్యలు వస్తాయి, 0 నుంచి 127 వరకు. వాటిలో కంటికి కనిపించేవి, ఖాళీతో కలిపి, 95. మిగతా 33 యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలు.

ఆ ఆజ్ఞల్లో టెలిప్రింటర్ల కాలం ఇప్పటికీ బతికే ఉంది. సంఖ్య 7 గంట కొట్టమని. 10 కాగితాన్ని ఒక వరస పైకి జరపమని, 13 అచ్చుతలను వరస మొదటికి తెమ్మని. విండోస్‌లో రాసిన టెక్స్ట్ ఫైలులో ప్రతి వరస చివరా నేటికీ 13, 10 రెండూ ఉంటాయి. లినక్స్‌లో 10 ఒక్కటే. చెరిపివేతకు 127 ఇవ్వడానికి కారణం చిల్లుల కాగితపు పట్టీ. దాని మీద తప్పు పడితే తుడవడం కుదరదు కాబట్టి ఏడు చోట్లా చిల్లులు కొట్టేసేవారు. ఏడు బిట్లూ ఒకట్లయితే వచ్చే సంఖ్య 127.

ఆస్కీ కూర్పులో మెచ్చుకోదగ్గ తెలివి ఉంది. పెద్ద ఏ 65, దాని చిన్న రూపం 97. పెద్ద బి 66, చిన్నది 98. చివరిదాకా ఇదే తేడా, 32. రెండింటినీ ఒకట్లూ సున్నాలుగా రాస్తే 65 అంటే 1000001, 97 అంటే 1100001. మారింది ఒకే ఒక్క బిట్టు. అందువల్ల పెద్ద అక్షరాన్ని చిన్నది చేయాలంటే యంత్రం ఆ బిట్టును తిప్పితే చాలు. అంకెలదీ ఇదే తీరు. 0 అనే గుర్తుకు 48, 9 అనే గుర్తుకు 57. బైనరీలో రాసి చివరి నాలుగు బిట్లు చూస్తే అక్కడ అసలు అంకె విలువే కూర్చుని ఉంటుంది. ఇదే కాలంలో ఐబీఎం తన సిస్టమ్/360 యంత్రాల్లో వాడిన ఎబ్సిడిక్ పట్టికతో పోలిస్తే ఈ తెలివి విలువ తెలుస్తుంది. అందులో పెద్ద ఐ 201 అయితే దాని తర్వాతి జె 209. చిల్లుల కార్డుల అమరికను అనుసరించి కట్టిన పట్టిక కావడంతో మధ్యలో అలా ఎడం పడింది. ఒకటి కలుపుకుంటూ పోతే తర్వాతి అక్షరం వస్తుందనే ధీమా అక్కడ పనికిరాదు.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది అంకెల దగ్గరే. కీబోర్డు నుంచి 7 అని టైపు చేయిస్తే పైథాన్ చేతికి అందేది ఏడు అనే విలువ కాదు, 7 అనే గుర్తు. దాని కోడ్ 55. ఆ గుర్తు కోడ్‌లోంచి 0 అనే గుర్తు కోడ్ తీసేస్తే, అంటే 55లోంచి 48 తీసేస్తే, అసలైన 7 మిగులుతుంది. ఇక్కడ 48 అని నేరుగా రాయకుండా, 0 గుర్తు కోడ్ ఎంతో ఆర్డ్‌నే అడిగి తీసేయడం మంచి అలవాటు. ఆరు నెలల తర్వాత ఆ ప్రోగ్రాం చదివేవారికి 48 ఎక్కడినుంచి ఊడిపడిందో వెతుక్కునే పని తప్పుతుంది. తెలుగు అంకెలకూ ఇదే సూత్రం. ౦కు 3174, ౭కు 3181, తేడా ఏడే. కానీ 48ని గుడ్డిగా వాడినవారికి ౭ విలువ 3133 అని వస్తుంది. పైథాన్‌లోని ఇంట్ ఫంక్షన్ మాత్రం ౧౨ అని తెలుగులో రాసి ఇచ్చినా తడుముకోకుండా 12 అంటుంది.

వరసక్రమానికి ఆధారం కూడా ఈ సంఖ్యలే. రెండు మాటల్లో ఏది ముందు అని అడిగితే ప్రోగ్రాం నిఘంటువు చూడదు, కోడ్లు పోల్చుకుంటుంది. పెద్ద జెడ్ 90, చిన్న ఏ 97 కాబట్టి, చిన్న అక్షరంతో మొదలైన రవి పేరు పెద్ద అక్షరంతో మొదలైన జాకీర్ పేరు కిందికి పోతుంది. ఫోటోల ఫోల్డరులో పదో బొమ్మ తొమ్మిదో దానికంటే ముందు కనిపించడం చాలామంది చూసే ఉంటారు. పది అనేదాంట్లో మొదటి గుర్తు 1, దాని కోడ్ 49. తొమ్మిది కోడ్ 57. పోలిక మొదటి గుర్తు దగ్గరే తేలిపోతుంది, వెనక ఉన్న సున్నా వంతు రానే రాదు.

ఏడు బిట్ల పట్టికలో ఇంగ్లీషు తప్ప మరో భాషకు చోటు లేదు. ఎనిమిదో బిట్టు కలిస్తే ఇంకో 128 సంఖ్యలు దొరుకుతాయి. భారతదేశం ఆ 128నీ మన లిపులకు కేటాయించి ఇస్కీ అనే పట్టిక చేసుకుంది. భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని 1991లో ఐఎస్ 13194గా ప్రకటించింది. ఇస్కీలో తెలుగు కకూ హిందీ కకూ ఒకటే సంఖ్య. ఏ లిపిలో చూపాలో చెప్పడానికి వేరే సంకేతం ఉండేది. అక్షరమాల కూర్పు భారతీయ లిపులన్నిటికీ ఒకటే కదా అన్న గమనిక మీద నడిచిన ఆలోచన అది.

అయితే అచ్చు రంగంలో జరిగింది వేరు. డీటీపీ కేంద్రాల్లో అను వంటి ఫాంట్లు రాజ్యమేలాయి. వాటిలో లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంఖ్యలే. ఫాంటు మాత్రం వాటి మీద తెలుగు బొమ్మలు గీస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. అటువంటి ఫైలులోంచి ఒక అక్షరం తీసి దాని కోడ్ అడిగితే మూడు వేల పైచిలుకు సంఖ్య రాదు, చిన్న సంఖ్యే వస్తుంది. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు. అందుకే ఆ రోజుల్లో టైపు చేసిన ఎన్నో తెలుగు పుస్తకాలు ఇవాళ గూగుల్ వెతుకులాటకు దొరకవు. కోడ్ కన్వర్టర్లతో మార్చుకుంటే తప్ప వాటికి గతి లేదు.

ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టిక అన్న ఆలోచనతో 1991 జనవరిలో యూనికోడ్ కన్సార్షియం ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చింది. భారతీయ లిపులకు అది ఇస్కీ 1988 నాటి రూపాన్ని ఆధారం చేసుకుంది. కాకపోతే ఒక్కో లిపికి విడిగా 128 గళ్లు ఇచ్చింది. తెలుగుకు దక్కినవి 3072 నుంచి 3199 వరకు. యూనికోడ్ పటాల్లో ఇవి పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఉంటాయి, అందువల్ల అ అక్కడ 0సి05గా కనిపిస్తుంది. పైథాన్ ఇచ్చే 3077 దాన్నే మామూలు లెక్కలో చెప్పడం.

మూలం ఒకటే కావడంతో లిపికీ లిపికీ మధ్య చక్కని చుట్టరికం మిగిలింది. కన్నడ కకు 3221, తెలుగు కకు 3093, హిందీ కకు 2325. కన్నడ అక్షరం కోడ్‌లోంచి 128 తీసేస్తే దాదాపు ప్రతిసారీ అదే ధ్వని గల తెలుగు అక్షరం వస్తుంది. హిందీ అక్షరానికి 768 కలిపినా అంతే. నాలుగు వరసల ప్రోగ్రాంతో హిందీ బోర్డును తెలుగు లిపిలో చూపించవచ్చు. ఫోర్ లూపు నేర్చుకున్న విద్యార్థికి ఇంతకంటే సరదా అయిన అభ్యాసం దొరకడం కష్టం. భారత్ అన్న హిందీ మాటను ఇస్తే భారత అని వస్తుంది. డాక్టర్ అన్న హిందీ మాటను ఇచ్చినప్పుడు మాత్రం బండి ఆగుతుంది. ఇంగ్లీషు ఉచ్చారణ కోసం హిందీవాళ్లు డ పక్కన పెట్టే అర్ధచంద్రపు గుర్తు కోడ్ 2377. దానికి 768 కలిపితే 3145. తెలుగు పటంలో ఆ గడి ఖాళీ.

ఇటువంటి ఖాళీలు తెలుగు పటంలో ఇంకా ఉన్నాయి. 3113 ఖాళీ, ఎందుకంటే తమిళంలో ఉన్న రెండో నకారం చోటు అది. బస్సులో తువ్వాలు వేసి ఆపిన సీట్ల లాగా అవి వేరే లిపిలోని చుట్టాల కోసం ఆగి ఉన్నాయి. కొన్ని గళ్లు తర్వాత నిండాయి. దంత్య చ, జలు, అంటే ౘ, ౙ, 2008లో వెర్షన్ 5.1తో చేరి 3160, 3161 అయ్యాయి. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు 2021లో వెర్షన్ 14తో 3165 దక్కింది. ఆలస్యంగా వచ్చినందుకు ఇవి పటం చివర కూర్చోవలసి వచ్చింది. కోడ్ల ప్రకారం వరస పేరిస్తే ౘతో మొదలయ్యే మాటలు హ తర్వాతకు పోతాయి. ళ సంగతీ చూడాలి. బడిలో వర్ణమాల చదివేటప్పుడు ళ వచ్చేది హ తర్వాత. కోడ్ల వరసలో అది ల పక్కనే, 3123. నిఘంటువు క్రమం కావాలంటే కోడ్ల మీద వదిలేస్తే సరిపోదన్నమాట.

తెలుగు దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. పైథాన్‌లో ఆర్డ్‌కు క ఇస్తే 3093 అని చెబుతుంది. కి ఇస్తే చెప్పదు. ఒక్క క్యారెక్టర్ ఇవ్వవలసిన చోట రెండు ఇచ్చారని తప్పు చూపిస్తుంది. కంటికి కనిపించేది ఒక్క అక్షరమే. యూనికోడ్ లెక్కలో మాత్రం అది క, గుడి అనే రెండు కోడ్లు: 3093, 3135. దీర్ఘానికి 3134, గుడిదీర్ఘానికి 3136, కొమ్ముకు 3137 అంటూ గుణింతపు గుర్తులన్నిటికీ విడిగా సంఖ్యలున్నాయి. ఒక్క తలకట్టుకే లేదు. క అని రాస్తేనే అందులో తలకట్టు, దానితోపాటు అకారం, ఉన్నట్టు లెక్క. ఆ అకారం వద్దనుకుంటే పొల్లు గుర్తు, 3149, పక్కన చేర్చాలి. ఒత్తులకు కూడా కోడ్లు లేవు. హల్లుకు పొల్లు తగిలించి దాని పక్కన ఇంకో హల్లు పెడితే, రెండోదాన్ని ఒత్తుగా కిందికి దించే పని ఫాంటుది.

స్త్రీ అన్న మాట తీసుకుంటే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బడిపిల్లవాణ్ణి అడిగితే అది ఒక్క అక్షరం అంటాడు. పైథాన్ లెన్ ఫంక్షన్‌ను అడిగితే ఆరు అంటుంది. ఒక్కొక్కటీ విడదీసి కోడ్లు అచ్చువేయిస్తే 3128, 3149, 3108, 3149, 3120, 3136 అని వస్తాయి. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, చివర గుడిదీర్ఘం. ఛందస్సు లెక్కలో ఒక్క గురువు, యంత్రం లెక్కలో ఆరు క్యారెక్టర్లు. ఇద్దరూ చెప్పేది నిజమే, లెక్కించే వస్తువు వేరు.

ఈ తేడా తెలియని ప్రోగ్రాం ఎక్కడ బోల్తా పడుతుందో చూడడానికి వికటకవిని మించిన ఉదాహరణ లేదు. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటను గుర్తుపట్టే ప్రోగ్రాం రాయమనడం ప్రోగ్రామింగ్ తరగతుల్లో మామూలే. మాటను తిరగేసి, అసలు మాటతో పోల్చి, రెండూ ఒకటే అయితే అవునని చెప్పాలి. జలజ, కనక, నటన అని ఇస్తే ప్రోగ్రాం సరిగ్గా అవునంటుంది. తెనాలి రామకృష్ణుడి పేరుతో తెలుగునాట ప్రతివారికీ తెలిసిన వికటకవి ఇస్తే మాత్రం కాదంటుంది. అందులో వి అంటే 3125, 3135 అని రెండు కోడ్లు. మాట మొత్తం ఇలా ఉంటుంది: 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135. తిరగేసినప్పుడు ముందుకు వచ్చేది చివరి గుడి, 3135. దానికి ఆనుకోవడానికి హల్లు లేదు. అటు చివర, మొదటి వకారం వదిలేసిన గుడి వెళ్లి కకారానికి తగులుకుంటుంది. వికటకవి కాస్తా మొదట్లో దిక్కులేని గుడితో వకటకివ అవుతుంది. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. తిరగేసింది అక్షరాలను కాదు, కోడ్లను.

దీనికి విరుగుడు కూడా కోడ్లలోనే ఉంది. మాటను తిరగేసేముందు అక్షరాలుగా విడగొట్టుకోవాలి. ఒక కోడ్ 3134కూ 3149కీ మధ్య ఉంటే అది గుణింతపు గుర్తో పొల్లో అయి ఉంటుంది కాబట్టి దాన్ని ముందున్నదానికి అతికించాలి. 3073 నుంచి 3075 వరకు ఉండేవి అరసున్న, నిండుసున్న, విసర్గ. వాటినీ అలాగే అతికించాలి. ముందున్న ముక్క పొల్లుతో ముగిసి ఉంటే ఆ తర్వాతి హల్లును కూడా దానికే కలపాలి. ఈ మూడు షరతులతో వికటకవి ఐదు అక్షరాలవుతుంది, స్త్రీ ఒకటవుతుంది. పొల్లుతో ముగిసే మాటలు కలిసినచోట ఇంకొంచెం జాగ్రత్త కావాలి గాని, నేర్చుకునేవారి ప్రోగ్రాంకు ఇంతమాత్రం చాలు. ఈ పనికి సిద్ధంగా దొరికే లైబ్రరీలు ఉన్నాయి. యూనికోడ్ సొంత నియమాల్లో తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒక్క ముక్కగా చూడాలన్నది మాత్రం 2023లో, వెర్షన్ 15.1లో గాని చేరలేదు. అంతకుముందు కట్టిన లైబ్రరీలు స్త్రీని స్, త్, రీ అని మూడు ముక్కలు చేస్తాయి.

కంటికి ఒకేలా కనిపించి, యంత్రానికి వేరుగా తోచే మాటలు ఇంకో తలనొప్పి. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్ తర్వాత వ ఒత్తుగా కిందికి జారిపోకుండా కీబోర్డులు మధ్యలో ఒక కనిపించని కోడ్ పెడతాయి. దాని సంఖ్య 8204. దానికి వెడల్పు లేదు, బొమ్మ లేదు, చేసే పనల్లా పక్కపక్కనున్నవాటిని కలవనివ్వకపోవడం. దాంతో కలిపి ఆ మాటలో కోడ్లు పదకొండు. ఆ కోడ్ లేకుండా రాస్తే పది, అప్పుడు వ ఒత్తుగా పడుతుంది. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా టైపు చేసిన జాబితాల్లో వెతికితే మాట దొరకదు. ఐత్వంతోనూ ఇదే పేచీ. ఐత్వాన్ని 3144 అనే ఒక్క కోడ్‌గానూ రాయవచ్చు, 3142, 3158 అనే రెండు కోడ్లుగానూ రాయవచ్చు. తెరమీద తేడా తెలియదు. అనుమానం వచ్చినచోట మాటలోని కోడ్లన్నీ వరసగా అచ్చువేయించి చూడడమే మందు. ఆర్డ్ అసలు అక్కరకు వచ్చేది ఇలాంటప్పుడే.

సి నేర్చుకునేవారికి తెలుగు మరో వింత చూపిస్తుంది. అ అనే అక్షరాన్ని క్యార్ల వరసలో దాచి ఒక్కొక్కటీ సంఖ్యగా అచ్చువేస్తే 3077 రాదు. చాలా కంప్యూటర్లలో మైనస్ 32, మైనస్ 80, మైనస్ 123 అని వస్తాయి. అక్షరానికి మైనస్ సంఖ్యేమిటని కంగారు పడక్కర్లేదు. క్యార్ రకం ఒక బైటే, అందులో పట్టేవి 256 విలువలే. 3077 అందులో పట్టదు. అందుకే ఫైళ్లలో యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాన్ని మూడు బైట్లుగా విడగొట్టి దాస్తారు: 224, 176, 133. క్యార్ రకం 127 దాటిన విలువలను మైనస్‌గా చదువుతుంది కాబట్టి, ఒక్కోదాంట్లోంచి 256 తీసేసిన సంఖ్య కనిపిస్తుంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు ఆస్కీలో ఉన్నట్టే ఒక్క బైటులో ఉంటాయి, తెలుగువన్నీ మూడేసి బైట్లు తీసుకుంటాయి. తెలుగు అన్న మాటలో కోడ్లు ఆరు, బైట్లు పద్దెనిమిది. కోడ్ వేరు, దాన్ని దాచే పద్ధతి వేరు అన్నది ఒంటబట్టితే సగం గందరగోళం తీరుతుంది.

జావాస్క్రిప్టులో చిక్కు ఇంకో రకం. యూనికోడ్ మొదట్లో పదహారు బిట్లు, అంటే 65,536 సంఖ్యలు, చాలనుకుంది. జావా, జావాస్క్రిప్టు ఆ నమ్మకంతోనే పుట్టాయి. తర్వాత పట్టిక 11,14,112 గళ్లకు పెరిగింది. నవ్వుముఖపు ఇమోజీల సంఖ్యలు లక్షల్లోకి వెళ్లాయి; 😀 కోడ్ 1,28,512. జావాస్క్రిప్టులోని పాత క్యార్‌కోడ్ఎట్‌ను అడిగితే 55,357 అంటుంది. అది ఆ ఇమోజీలో సగభాగం సంఖ్య, దానంతట అదిగా ఏ అక్షరమూ కాదు. కోడ్‌పాయింట్ఎట్ అనే కొత్త ఫంక్షన్‌ను అడిగితే సరైనది చెబుతుంది. తెలుగు మొత్తం 65,536కు లోపే ఉండడంతో ఈ బెడద మనకు ఇమోజీలతోనే.

ప్రోగ్రామింగ్ జోలికి ఎన్నడూ వెళ్లనివారి జేబుకు కూడా ఈ లెక్క తగులుతుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్ల చొప్పున అందులో 160 పడతాయి. తెలుగుకు సాధారణంగా కోడ్‌కు పదహారు బిట్లు వాడతారు కాబట్టి 70 కోడ్లే పడతాయి. స్త్రీ అని రాస్తే అందులో ఆరు ఖర్చు. ఇంగ్లీషు సందేశం మధ్యలో ఒక్క తెలుగు అక్షరం చేర్చినా పరిమితి మొత్తం సందేశానికీ 160 నుంచి 70కి పడిపోతుంది. డెబ్బై దాటితే సందేశం ముక్కలవుతుంది. ముక్కలను కలిపే సమాచారానికి కొంత చోటు పోయి, ఒక్కో ముక్కలో 67 కోడ్లే పడతాయి, ఛార్జీ కూడా ముక్కల లెక్కనే పడుతుంది.